ఆచారం వయస్సెంత?

ఏరు మూలం, ఋషి మూలం అడగరాదని పెద్దల మాట. మన ఇళ్లలో ఆచారం మూలం కూడా ఈ వరసలోనే చేరిపోయింది. దీపాలు పెట్టాక గోళ్లు ఎందుకు తీసుకోకూడదని అడిగితే "తీసుకోకూడదంతే" అని జవాబు. గట్టిగా నిలదీస్తే "మా అత్తగారు చెప్పింది, ఆవిడకి వాళ్ల అత్తగారు చెప్పింది" అంటారు. విచారణ అక్కడితో ఆఖరు.

కాలేజీ మెట్లెక్కిన తర్వాత మనం ఈ విషయంలో రెండు జట్లుగా చీలిపోతాం. ఇవన్నీ మూఢనమ్మకాలు, బుట్టదాఖలు చెయ్యండి అంటుంది ఒక జట్టు. మన పూర్వులు ఊరికే పెట్టలేదు, ప్రతిదాని వెనకా ఒక సైన్సుంది అంటుంది రెండోది. హాస్టల్ మెస్సులో, క్యాంటీనులో ఈ వాదన ఎన్నిసార్లు జరిగినా తెగదు. తెగకపోవడానికి కారణం ఉంది. ఆ ఆచారం ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మధ్య మొదలైందో వెతక్కుండానే రెండు జట్లూ తీర్పు చెప్పేస్తున్నాయి. సాక్షుల్ని పిలవకుండా తీర్పు రాసే జడ్జీని ఎవరైనా మెచ్చుకుంటారా?

ఈ సాక్షుల్ని పిలిచే పద్ధతి ఏమిటో, అది ఎంత దూరం తీసుకుపోగలదో, ఎక్కడ ఆగిపోతుందో నాలుగు ఉదాహరణలతో చెప్పాలని ఈ ప్రయత్నం. ముందుగా ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. ఆచారం వయస్సు వేరు, దానికి మనం చెప్పుకునే కారణం వయస్సు వేరు. ఈ రెండింటినీ విడదీయగలిగితే సగం పరిశోధన అయిపోయినట్టే.

ఈ చదువు ఎక్కడిది?

జర్మనీలో గ్రిమ్ సోదరులు ఇళ్లలో చెప్పుకునే కథల్ని పోగుచేసి 1812లో మొదటి సంపుటం అచ్చువేశారు. ఇంగ్లండులో విలియం థామ్స్ అనే ఆయన 1846లో ఒక పత్రికకు మారుపేరుతో ఉత్తరం రాస్తూ, ప్రజల కథలు, పాటలు, నమ్మకాలు, ఆచారాలు అన్నిటికీ కలిపి 'ఫోక్‌లోర్' అనే మాటను ప్రతిపాదించాడు. దాన్నే మనం జానపద విజ్ఞానం అంటున్నాం. 1871లో టైలర్ అనే పండితుడు, ఈనాటి వింత ఆచారాలు ఒకనాటి జీవితంలో అర్థమున్న పనులేననీ, కాలం మారినా అవి అవశేషాలుగా మిగిలిపోయాయనీ సిద్ధాంతీకరించాడు. తర్వాతి తరం వాళ్లు దీనితో పేచీ పెట్టుకున్నారు. ఈవేళ జనం ఒక పని చేస్తున్నారంటే ఈవేళ దానివల్ల వారికేదో ఉపయోగం ఉండాలి, ముందు అది చూడండి అన్నాడు మాలినోవ్‌స్కీ. రెండూ ఆలోచించదగ్గ మాటలే.

మనవాళ్లూ తక్కువ తినలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, కావ్యాల్లో దొర్లిన ఆటలు, తిళ్లు, నగలు, మొక్కులు, నమ్మకాలను ఏరి కూర్చారు. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి, వాటికి విద్వత్సభలో పీట వేయించారు. నేదునూరి గంగాధరంగారు ఊళ్లు తిరిగి, పాడేవాళ్ల నోట విని పాటలు రాసుకున్నారు. కావ్యంలో దొరికే సాక్ష్యం ఒకటి, నోట దొరికే సాక్ష్యం ఒకటి. తెలుగు పరిశోధకుడికి రెండు చేతుల్లోనూ ఈ రెండూ ఉండాలి.

ఒక్క కొయ్య, మూడు చొక్కాలు

ఉత్తరం వైపు తల పెట్టుకుని పడుకోకూడదంటారు. ఎందుకని? ఒక ఇంట్లో వినాయకుడి కథ చెబుతారు. ఉత్తరానికి తల పెట్టి పడుకున్న ఏనుగు తల నరికి తెచ్చి బాలుడికి అతికించారు కనుక అలా పడుకోకూడదట. ఇంకో ఇంట్లో "శాస్త్రంలో ఉంది" అంటారు. నిజమే, పడుకునేటప్పుడు తల తూర్పుకో దక్షిణానికో ఉండాలని విష్ణుపురాణం చెబుతుంది. ఇక చదువుకున్నవాళ్ల ఇంట్లో "భూమి అయస్కాంతం కదా, రక్తంలో ఇనుముంది కదా" అంటారు.

ఇప్పుడు వయస్సులు లెక్క కడదాం. భూమే ఒక పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్ట్ తన గ్రంథంలో ప్రతిపాదించింది 1600లో. అయస్కాంతం కారణం అంతకంటే పాతది కావడానికి వీల్లేదు. విష్ణుపురాణం దానికి వందల ఏళ్లు ముందుది. అంటే నమ్మకం పాతది, ఈ కారణం నిన్న మొన్నటిది. పైగా రక్తంలో ఇనుము ఉన్నంత మాత్రాన అది సూదిలాగా అయస్కాంతానికి అతుక్కోదు.

గోడకు కొట్టిన కొయ్య ఒక్కటే. ఒక తరం దానికి పురాణం చొక్కా తగిలించింది, ఇంకో తరం ధర్మశాస్త్రం చొక్కా, మన తరం సైన్సు చొక్కా. ప్రతి తరమూ తను దేన్ని గౌరవిస్తుందో దాని పేరుతోనే ఆచారాన్ని సమర్థించుకుంటుంది. కాబట్టి ఒక కారణం విన్నప్పుడు "ఇది నిజమా?" అని అడగడానికి ముందు "ఈ కారణం ఎప్పటినుంచి చెబుతున్నారు?" అని అడగాలి. ఆ కారణం ఆచారం పుట్టుకను చెప్పకపోవచ్చు గాని, చెప్పినవాళ్ల కాలాన్ని మాత్రం తప్పకుండా పట్టిస్తుంది.

మిరపకాయ సాక్ష్యం

పిల్లవాడు అన్నం తినకుండా ఏడుస్తుంటే ఉప్పు, ఎండు మిరపకాయలు, కొన్నిచోట్ల ఆవాలు కూడా గుప్పిట పట్టి, చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే "చూశావా, ఎంత దిష్టో!" అంటారు. ఇది అనాదిగా వస్తున్న ఆచారమని మన నమ్మకం.

కాని మిరప మన మొక్క కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1492లో కొలంబస్ అక్కడికి చేరేదాకా మన వైపు ప్రపంచానికి దాని రుచే తెలియదు. వాస్కో డ గామా 1498లో కేరళ తీరానికి వచ్చాక, పోర్చుగీసువారి ఓడల మీద 16వ శతాబ్దంలో అది మన దేశంలో అడుగుపెట్టింది. అంతకుముందు మనవాళ్ల కారమంతా మిరియాలదే. తమిళంలో మిరియాన్ని మిళగు అంటారు, మిరపకాయను మిళగాయ్ అంటారు. కొత్త కాయకు పాత కారం పేరే పెట్టుకున్నారన్నమాట. గుంటూరు మిర్చి లేని ఆంధ్రదేశాన్ని ఊహించుకోవడం కష్టమే గాని, కాకతీయుల కాలంలో మన వంట అలాంటిదే.

దీన్నిబట్టి దిష్టి నమ్మకం 500 ఏళ్లదేనని తేల్చేయవచ్చా? తొందరపడకూడదు. దృష్టి తగులుతుందన్న భయం మధ్యధరా తీరం నుంచి మనదాకా ఎన్నో దేశాల్లో ఉంది. పీడలు పోగొట్టే ద్రవ్యంగా ఆవాలను చరక, సుశ్రుతుల వైద్యగ్రంథాలు కూడా చెప్పాయి. కనుక ఘాటైన దాన్ని నిప్పుల్లో వేసే పద్ధతి ముందే ఉండి ఉండాలి. మిరపకాయ వచ్చి ఆ ఖాళీలో ఇమిడిపోయింది. ఒక్క దిష్టి తీతలోనే ఒక పాత పొర, ఒక కొత్త పొర.

ఇదే పరీక్ష బతుకమ్మకు పెట్టి చూడండి. తంగేడు మన నేలది. గునుగు మన చేలగట్ల మీద దానంతటదే మొలిచేది. బంతి మాత్రం మెక్సికో నుంచి వచ్చింది. తియ్యగుమ్మడిదీ అమెరికాయే. బూడిద గుమ్మడి ఆసియాలో పాతది గాని, బతుకమ్మలో పెట్టే పచ్చటి పెద్ద పువ్వు దానిది కాదు. అంటే ఈనాడు మనం చూసే బతుకమ్మ పళ్లెంలో రెండు ఖండాల పూలున్నాయి. ఇందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. తెలంగాణ ఆడపడుచులు ఇంటి ముందు పూచిన పువ్వునల్లా, ఎక్కడిదని అడగకుండా, తల్లి ఒడిలో పేర్చారు. ఆచారం బతికి ఉందనడానికి అంతకంటే రుజువేం కావాలి? చచ్చిన ఆచారమే కొత్త పువ్వును ముట్టుకోదు.

బతుకమ్మ పుట్టుకకు కథలు చాలా ఉన్నాయి. ధర్మాంగదుడనే రాజు, నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న అతని భార్య, ఆ తర్వాత పుట్టిన ఆడపిల్ల కథ ఒకటి. చోళుల దండయాత్రతో, వేములవాడ గుడితో ముడిపెట్టే కథ ఇంకొకటి. ఏది మొదటిదని కొట్లాడుకోవడం కంటే అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడటం మేలు. రాజుల పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి. "ఈ బిడ్డన్నా బతకాలి" అన్న కోరిక మాత్రం చాలా కథల్లో కనిపిస్తుంది. పేరునుంచే ఆ కథలు పుట్టి ఉండవచ్చు కూడా. అయినా పుట్టిన బిడ్డల్లో ఎందరు దక్కుతారో తెలియని రోజుల్లో తల్లులకు ఆ కథే ఎందుకు పట్టుబడిందో ఆలోచిస్తే, తేదీ దొరక్కపోయినా చరిత్ర దొరుకుతుంది.

ఆకాశంలో దొరికిన తేదీ

ఎప్పుడూ తేదీ దొరకదని నిరుత్సాహపడనక్కర్లేదు. సంక్రాంతిని తీసుకోండి. ఆ రోజున ఉత్తరాయణ పుణ్యకాలం మొదలవుతుందని పంచాంగం. సూర్యుడు ఉత్తరానికి మళ్లడం అసలు జరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మన సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో. ఈ 24 రోజుల తేడా ఎక్కడిది?

భూమి తన చుట్టూ తాను తిరుగుతూనే, వేగం తగ్గిన బొంగరంలాగా చాలా నెమ్మదిగా తల తిప్పుతుంది. దానివల్ల నక్షత్రాలను పట్టుకుని లెక్కించే సంవత్సరం, ఋతువులను పట్టుకుని లెక్కించే సంవత్సరం కంటే కాస్త పొడవుగా ఉంటుంది. తేడా ఏడాదికి సుమారు 20 నిమిషాలే. కాని దాదాపు 70 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. మన సంక్రాంతి నక్షత్రాల లెక్కను పట్టుకుంది, కనుక మెల్లగా ముందుకు జరుగుతోంది. వివేకానందుడు సంక్రాంతినాడు పుట్టాడంటారు. ఆ తేదీ 1863 జనవరి 12. ఇప్పుడు పండుగ 14కో 15కో వస్తోంది.

24 రోజుల్ని 70తో హెచ్చవేస్తే సుమారు 1700 ఏళ్లు. పాత సిద్ధాంత గ్రంథాల సంవత్సర ప్రమాణం తీసుకుంటే ఒకటి రెండు శతాబ్దాలు ఇటు జరుగుతుంది. మొత్తానికి క్రీస్తుశకం 3 నుంచి 6 శతాబ్దాల మధ్య ఈ రెండు దినాలూ ఒకటిగా ఉండేవి. మకర సంక్రమణమే ఉత్తరాయణమన్న మాట ఆ కాలపు ఆకాశాన్ని చూసినవాళ్లది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడి 1955లో నివేదిక ఇచ్చిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ జరుగుబాటును చర్చించింది.

ఇక్కడ కూడా జాగ్రత్త అవసరం. ఈ లెక్క చెప్పేది పంచాంగంలోని ఒక్క ముడి వయస్సు మాత్రమే. భోగిమంటలు, గొబ్బెమ్మలు, కొత్త బియ్యం పొంగలి, వీటన్నిటి వయస్సూ అదేనని అనకూడదు. గొబ్బిపదాల పేరు 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు చెప్పిన పదాల జాబితాలో ఉంది. అంటే ఆ పాటలకు కనీసం 700 ఏళ్ల వయస్సు ఉందని నిర్భయంగా చెప్పవచ్చు. "కనీసం" అన్న మాటను మాత్రం విడిచిపెట్టరాదు. పుస్తకంలో మొదట కనిపించిన రోజు పుట్టినరోజు కాదు. ఎవరో ఒకరు చూసి రాసిన రోజు, అంతే.

సమాధి ఉంటే సాక్ష్యమేనా?

పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిస కథ తెలియని తెలుగు పిల్లలు లేరు. మూతికంటిన నెత్తురు చూసి, బిడ్డనే చంపిందనుకుని, తల్లి చేతిలోని బిందె దాని మీద పడేస్తుంది. ఈ కథ పంచతంత్రంలో ఉంది. పంచతంత్రం 6వ శతాబ్దంలో పారశీకానికి, 8వ శతాబ్దంలో అరబ్బీకి, అక్కడినుంచి యూరపు భాషలకూ ప్రయాణం చేసింది. దారిలో ముంగిస కాస్తా కుక్క అయింది, కొన్నిచోట్ల పాము తోడేలయింది.

వేల్సు దేశంలో బెత్‌గెలెర్ట్ అనే ఊరుంది. 13వ శతాబ్దపు రాజు లివెలిన్ తన కుక్కను ఇలాగే తొందరపడి చంపి, పశ్చాత్తాపంతో అక్కడ పాతిపెట్టాడని కథ. సమాధి ఉంది, రాయి ఉంది, చూడటానికి జనం వస్తారు, కంటతడి పెడతారు. తీరా విచారిస్తే, ఆ సమాధి 18వ శతాబ్దం చివర ఆ ఊరి హోటలు యజమాని తన వ్యాపారం కోసం పేర్పించిందని పరిశోధకులు తేల్చారు. మన ఊళ్లలో భీముడి పాదం, సీతమ్మ పసుపు ఆరబోసిన బండ చూపించేవాళ్లను తలచుకోండి. స్థలం చూపించడం కథకు బలమిస్తుంది, రుజువు మాత్రం ఇవ్వదు.

ఇదే కథ ఫ్రాన్సులో ఇంకో దారి తొక్కింది. లియోన్ దగ్గర పల్లెల్లో ఆ కుక్కనే గీన్‌ఫోర్ అనే పేరుతో మహాత్ముడిగా కొలిచి, జబ్బుపడ్డ పసిబిడ్డల్ని తల్లులు అక్కడికి తెచ్చేవారు. 13వ శతాబ్దంలో స్టీఫెన్ అనే మతాధికారి ఆ కుక్క ఎముకలు తవ్వించి కాల్పించాడు, చెట్లు కొట్టించాడు. అయినా ఆ మొక్కులు 19వ శతాబ్దం దాకా బతికే ఉన్నాయి. ఎందుకంటే ఎముకలు కాల్చినా పిల్లల జబ్బులు తగ్గలేదు. నమ్మకాన్ని అడ్డుకునేవాడు దాని వెనకున్న బాధను చూడకపోతే ఏమవుతుందో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇదంతా ఎవరికోసం?

తేదీలు తెలుసుకుని ఏం చేస్తామని మిత్రులు అడగవచ్చు. పుట్టుక గురించి చెప్పే మాటలకు లోకంలో బలం ఉంది. మన కులపురాణాలు చూడండి. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు పుట్టుక కథలు చెబుతారు. కొందరు పటం విప్పి బొమ్మలు చూపుతూ రాత్రంతా గానం చేస్తారు. అందులో రాజుల తేదీలు వెతికితే నిరాశే. "మేమూ దేవుడి సంతానమే, మా పనీ గొప్పదే" అనే ఒక జాతి వాదన వెతికితే ప్రతి వాక్యంలోనూ దొరుకుతుంది. 1901 జనాభా లెక్కల్లో దొరతనం వారు కులాలకు మెట్లు కట్టడానికి పూనుకున్నప్పుడు దేశమంతటా ఎన్ని కులాలవారు తమ పుట్టుక కథలు పట్టుకుని అర్జీలు పెట్టారో గుర్తుచేసుకుంటే, పుట్టుక కథ వట్టి కాలక్షేపం కాదని తెలుస్తుంది.

రెండోది ఇంకా బరువైన విషయం. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో ఈనాటికీ వస్తున్నాయి. అక్కడికి వెళ్లి "ఇది మూఢనమ్మకం" అని ఉపన్యాసం ఇచ్చి వస్తే సరిపోదు. "ఇది మన ప్రాచీన సంప్రదాయం" అని తల ఊపితే అది నేరంలో పాలు పంచుకోవడమే. పరిశోధకుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. అనుమానం ఎవరి మీద పడింది? జబ్బు ముందా, తగాదా ముందా? గట్టు తగాదా ఉందా? ఆ మనిషికి వెనక నిలిచే బలగం ఉందా? ఊరికి డాక్టరు ఎంత దూరం? నమ్మకం పాతదే కావచ్చు. కాని ఒకానొక రాత్రి ఒకానొక మనిషి మీద అది పడటానికి కారణాలు మాత్రం ఆ ఏడాదివే, ఆ వీధివే. ఆచారం వయస్సూ కారణం వయస్సూ విడదీయడం ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన విషయం అవుతుంది.

సెలవుల్లో చేయదగ్గ పని

ఈ పనికి ప్రయోగశాల అక్కర్లేదు. నోటుపుస్తకం చాలు, ఇప్పుడైతే ప్రతివారి జేబులోనూ మాట పట్టుకునే ఫోనుంది. అయితే కొన్ని నియమాలు పాటించాలి.

ఒకటి. "ఎందుకు చేస్తారు?" అని మొదలుపెట్టకండి. "ఏం చేస్తారు, ఎప్పుడు చేస్తారు, ఎవరు చేస్తారు, ఎవరు చెయ్యకూడదు?" అని మొదలుపెట్టండి. చదువుకున్న పిల్లవాడు ఎందుకని అడిగితే, అతన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక పెద్దవాళ్లు అప్పటికప్పుడు ఒక కారణం అల్లి ఇస్తారు.

రెండు. చెప్పినవారి ఊరు, వయస్సు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, మీరు విన్న తేదీ రాసుకోండి. ఇవి లేని పాట ఇంటినంబరు లేని ఉత్తరం లాంటిది. వారి అనుమతి లేకుండా మాత్రం పేరు బయటపెట్టకండి.

మూడు. భాషను దిద్దకండి. "వస్తాన్నడు" అంటే అలాగే రాయండి, "వత్తన్నాడు" అంటే అలాగే రాయండి. దిద్దిన మాటలో ఊరు మాయమైపోతుంది.

నాలుగు. ఒక్కరు చెప్పింది విని తిరిగి రాకండి. పక్క వీధికి, పక్క కులానికి, ఏటి అవతలి ఊరికి వెళ్లండి. రెండు కథలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో అక్కడే మీ పరిశోధన మొదలవుతుంది.

అయిదు. అచ్చు పుస్తకాన్ని, సినిమాను అనుమానించండి. ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో దక్షిణ దేశపు కులాల మీద 7 సంపుటాలు వేశారు. అలాంటి పుస్తకాల్లో రాసింది తిరిగి ఊరు చేరి, "మా తాతలనాటి మాట" అయి మనకే వినపడవచ్చు.

ఆరు. సాక్ష్యం లేనిచోట "తెలియదు" అని రాయండి. దీపాలు పెట్టాక గోళ్లు తీయకూడదన్నది గుడ్డి వెలుతురులో వేలు తెగుతుందని పెట్టారేమో. అది మంచి ఊహ. ఊహను ఊహగానే రాయండి.

ఏరు మూలం అడగరాదన్న సామెతలో ఒక నిజం ఉంది. గోదావరికి త్ర్యంబకంలో ఒక మూలం చూపిస్తారు. కాని ప్రాణహిత కలవకపోతే, ఇంద్రావతి కలవకపోతే, శబరి కలవకపోతే, రాజమహేంద్రవరం దగ్గర మనం చూసే గోదావరి ఉండదు. ఆచారమూ అంతే. ఒక మూలం కోసం కొట్లాడేవాడికి ఊట మాత్రం దొరుకుతుంది. ఉపనదుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాడికి ఏరంతా దొరుకుతుంది.

1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్లులో జానపద, గిరిజన విజ్ఞానానికి ఒక పీఠాన్నే నెలకొల్పింది. కాని పీఠాలు ప్రతి ఇంటికీ రాలేవు. ప్రతి ఇంట్లోనూ పాట తెలిసిన ఒక పెద్ద ముత్తయిదువో, పటం కథ విన్న ఒక తాతయ్యో ఉన్నారు. లైబ్రరీలో పుస్తకం వచ్చే ఏడు కూడా అదే బీరువాలో ఉంటుంది. వాళ్ల సంగతి అలా కాదు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లే మిత్రులు వాళ్ల దగ్గర ఒక్క పూట కూర్చుంటే, మన కాలేజీలోనే ఒక చిన్న జానపద భాండాగారానికి పునాది పడుతుంది.